ఎదుటివాడి ఊపుతో కలిసిపోయి త్రో వెయ్యడం: కలవడానికీ లొంగడానికీ తేడా యాడ?

తిరుపతి_బ్లూబెల్ట్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో జూడో చేస్తా ఉండాను, 66 కిలోల కేటగిరీ. ఉచికోమిలో (పడెయ్యకుండా త్రోలోకి దూరే కదలికనే పదే పదే చేసే సాధన) నా సెయోయ్ నాగే (వీపు మీదుగా వేసే త్రో) చూసి అందరూ బాగుందంటారు. రాండోరికి (ఇద్దరూ నిజంగా తలపడే సాధన) వస్తే మాత్రం పట్టు దొరికిన క్షణం నుంచి ఇద్దరం ఒకరినొకరు తోసుకోవడంతోనే టైం అయిపోతా ఉంది. మా సీనియర్లది ఒకటే మాట: "వాడు తోస్తే లాగు, వాడు లాగితే తొయ్యి." వినడానికి బాగానే ఉంది. కానీ వాడు తోసినప్పుడు నేను లాగితే వాడు అట్లే నా మీదికి వచ్చేస్తా ఉండాడు. నేను తిరిగే లోపలే నా వీపుకు అతుక్కుపోయి, నడుం పట్టుకుని నన్నే వెనక్కి ఎత్తేస్తా ఉండాడు. ఎదుటివాడి కదలికతో కలిసిపోవడం అంటే ఏంది, లొంగిపోవడం అంటే ఏంది? ఈ రెంటికీ తేడా ఒంట్లో యాడ తెలుస్తుంది? ఐకిడో (ఇదీ జపాన్ యుద్ధ విద్యే) చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే మీరూ చెప్పండి. మీ దాంట్లో అసలు పాఠమే ఇదని విన్నా.

మెసానికల్_మాస్టర్, చిత్తూరు:
బాబూ, మీ సీనియర్లు చెప్పింది తప్పు కాదు, కానీ సగమే చెప్పినారు. మిగతా సగం చెప్పకుండా వదిలేస్తే ఆ మాట నమ్ముకున్న పిల్లలే పడతారు.

జూడో పెట్టిన జిగొరో కానో ఈ సంగతిని లెక్క కట్టి మరీ వివరించినాడు. ఎదుటివాడి బలం 10 అనుకో, నీది 7. వాడు ఉన్న బలమంతా పెట్టి తోస్తే నువ్వు 7తో ఎదురు నిలబడి లాభం లేదు. ఎదురు నిలబడకుండా, వాడు తోసినంత మేర నీ ఒళ్ళు వెనక్కి తీసుకుంటే వాడు ముందుకు తూలతాడు. తూలినవాడి బలం 3కి పడిపోతుంది, నీ 7 అట్లే ఉంటుంది. అందులో సగం వాడినా వాణ్ణి పడెయ్యొచ్చు. ఈ లెక్కలో అందరూ దాటేసే ముక్క ఒకటుంది. నీ 7 ఎందుకు తగ్గలేదు? నువ్వు తూలలేదు గనక. వెనక్కి పోయేటప్పుడు కూడా నీ నడుము నీ కాళ్ళ మీదే ఉంది గనక. నువ్వు రాసిందాన్ని బట్టి చూస్తే కాళ్ళు పాతేసి చేతులతో లాగుతున్నట్టుంది. అట్లా లాగితే నీ పైభాగం వెనక్కి వాలిపోతుంది, నీ 7 కూడా 3 అవుతుంది. ఇంక ఇద్దరివీ మూళ్ళే, బరువున్నోడిదే పైచెయ్యి.

ఇంకో సంగతి. వాడు రావాలనుకున్నంత దూరమే వాణ్ణి రానిస్తే అది దారి ఇవ్వడం, అంతే. వాడి లెక్క ప్రకారమే వాడు వచ్చినాడు, నిటారుగా నిలబడినాడు. వాడికేమీ నష్టం లేదు. జానెడు రావాలనుకున్నవాణ్ణి జానెడు మీద బెత్తెడు రప్పించాల. ఆ బెత్తెడే నీది. నాగే నో కతాలో (త్రోలను ఒక వరసలో చేసి చూపే పద్ధతి) మొదటి త్రో ఉకి ఒతోషి ఎప్పుడైనా గమనించినావా? నడుము తగలదు, కాలు తగలదు. ఉకే, అంటే పడేవాడు, ముందుకొస్తా ఉంటే తోరి, అంటే వేసేవాడు, వెనక్కి పోతాడు. మొదటి రెండడుగులూ ఒకే కొలత. మూడోసారి తోరి ఇంకాస్త దూరంగా అడుగేసి మోకాలి మీదికి దిగిపోతాడు. ఉకే పాత కొలత ప్రకారమే అడుగేస్తాడు, అది చాలదు. కతా అంటే పరీక్ష కోసం బట్టీ పట్టేది అనుకుంటారు మన పిల్లలు. నువ్వు అడిగినదానికి జవాబు ఆ కతా మొదట్లోనే ఉంది.

చంద్రగిరి_కబడ్డీ:
నాకు జూడో రాదు గానీ ఇది మాకు తెలిసిన సంగతే అనిపిస్తా ఉంది. కనుమ నాడు మా పక్క రంగంపేట పశువుల పండుగ చూసినారా ఎవరైనా? కొమ్ములకు పలకలు కట్టి ఎద్దుల్ని వదుల్తారు. పలక ఊడబెరకాలనుకునే వాడు దానికి ఎదురు పోడు. ఎదురుపోయినోడు ఆస్పత్రికే. పక్కనుంచి వచ్చి, దాని పరుగులో పరుగై, కొంచెం దూరం దాంతోపాటే పోయి, మెడ మీద చెయ్యి పడినాకే పలక పట్టుకుంటాడు. పరుగు కలవకముందే చెయ్యేస్తే భుజం ఊడుతుంది. మాస్టారు చెప్పిన బెత్తెడు సంగతి మాత్రం నాకు కొత్త. మేం ఎద్దును పడెయ్యం గదా, వదిలేస్తాం.

టెంకన్_తిరుచానూరు:
బ్లూబెల్ట్ తమ్ముడూ, నేను చెన్నైలో ఉద్యోగం చేసినప్పుడు ఐకిడో మొదలుపెట్టాను. ఇప్పుడు తిరుచానూరులో ఉంటూ చిన్న బృందంతో సాధన చేస్తున్నాను. నీ ప్రశ్నకు మా వైపు నుంచి జవాబు చెప్పాలంటే టెంకన్ ఒక్కటీ వివరంగా చెబితే చాలు.

ఎదుటివాడు కుడి చేత్తో నీ ఎడమ మణికట్టు పట్టుకుని తోస్తున్నాడనుకో. అందరూ చేసేది ఆ చేతిని వెనక్కి గుంజడం. గుంజగానే వాడి పట్టు ఇంకా బిగుస్తుంది, వాడికి నీ భుజం దొరుకుతుంది. టెంకన్‌లో పట్టుకున్న చోటును కదిలించం. మణికట్టు ఉన్న చోటే ఉంటుంది, నీ ఒళ్ళే దాని చుట్టూ తిరుగుతుంది. ఎడమ పాదాన్ని వాడి కుడి పాదం వెలుపలికి ఒక్క అడుగు వేసి, దాని మీద తిరిగి, కుడి కాలు వెనక్కి తీసుకో. ఇప్పుడు నువ్వు వాడి పక్కన, వాడు చూస్తున్న వైపే చూస్తూ నిలబడి ఉంటావు. వాడి తోపుకు ఎదురుగా ఏమీ లేదు. అలాగని వాడి పట్టూ విడిపోలేదు. కొత్తవాళ్ళు ఇక్కడే పొరబడతారు. తప్పించుకుని దూరంగా పోతే కలవడం కాదు. పట్టు నిలవాలి, తోపు నడవాలి, ఆ తోపు ముందున్న నువ్వు మాత్రం అక్కడ ఉండకూడదు.

రెండో సంగతి, ఎప్పుడు కదలాలి అన్నది. వాడి బలం పూర్తిగా నీ మీదికి వచ్చాక కదిలితే ఆలస్యమైనట్టే. చెయ్యి ఇంకా వస్తూ ఉండగానే కాలు బయల్దేరాలి. ఇరిమిలోనైతే మరీ ముందుగా: వాడు చెయ్యెత్తి కొట్టబోతుంటే, దెబ్బ వచ్చే గీత వదిలేసి వాడి భుజం వెనక్కి చొరబడడమే.

మెసానికల్_మాస్టర్, చిత్తూరు:
టెంకన్ గారూ, మీరు రాసింది చదివితే సంతోషంగా ఉంది, పాదాల సంగతి బాగా చెప్పినారు. కానీ ఒకటి అడక్క తప్పదు. మీ దగ్గర ఉకే పడడానికి ముందే సిద్ధమై ఉంటాడు. మణికట్టు పట్టుకుని వదలకుండా చుట్టూ పరిగెత్తుతాడు. రాండోరిలో ఎవడూ అట్లా పట్టు వదలకుండా ఉండడు, చెయ్యి ఖాళీ అయితే కాలర్ అందుకుంటాడు. సహకరించే మనిషి మీద కలవడం నేర్చుకున్నవాడికి, సహకరించని వాడు ఎదురైతే ఏం చెయ్యాల? ఈ పిల్లోడి ఇబ్బంది అదే గదా, ఉచికోమి బాగుంది, రాండోరి రావడం లేదు.

టెంకన్_తిరుచానూరు:
మాస్టారూ, మీరు అడిగింది న్యాయమే, దాన్ని తోసిపుచ్చను. సుఖంగా పడిపోయే ఉకే దొరికితే తోరికి ఏమీ రాదు. మా బృందంలో నేను మొదట దిద్దేది దాడినే: గురి తప్పకుండా కొట్టు, కొట్టాక నీ బ్యాలెన్స్ నువ్వు చూసుకో, పడాల్సిన పని లేకుంటే పడొద్దు. ఐకిడో మొత్తాన్ని ఒకే గాటన కట్టకండని మాత్రం మనవి. మొరిహెయ్ ఉయెషిబా ప్రదర్శనను 1930లో కానో గారే స్వయంగా చూసి, తన శిష్యుడు మినోరు మొచిజుకిని ఆయన దగ్గర నేర్చుకోమని పంపారు. కానో వద్ద జూడో, ఉయెషిబా వద్ద ఐకిడో నేర్చిన కెంజి తొమికి, ఐకిడోలోకి పోటీని, ఎదురుతిరిగే ప్రత్యర్థితో సాధనను తెచ్చారు. మీరు అడిగిన ప్రశ్నే ఆయనకూ వచ్చింది.

అయినా సహకారంతో చేసే సాధనకు దాని పని దానికి ఉంది. తోపు ఎటు వస్తోందో చర్మానికి తెలియాలంటే మొదట నెమ్మదిగా, భయం లేకుండా చాలాకాలం చెయ్యాలి. భయపడే ఒళ్ళు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒంటికి ఏదీ తెలియదు.

మెసానికల్_మాస్టర్, చిత్తూరు:
చివరి మాట ఒప్పుకుంటా. మా పిల్లలకు కూడా బిగుసుకోవడమే జబ్బు.

పీలేరు_ఫిజిక్స్:
కాలేజీలో భౌతిక శాస్త్రం చెప్తాను, అబ్బాయిని జూడో క్లాసుకు దింపి అక్కడే కూర్చుని చూస్తుంటాను. చూసి చూసి నాకు అర్థమైంది రాస్తున్నా.

నిటారుగా నిలబడిన మనిషి గురుత్వ కేంద్రం బొడ్డుకు కాస్త కింద ఉంటుంది. అక్కడి నుంచి నేలకు దించిన గీత, రెండు పాదాలు వాటి మధ్య జాగా కలిసిన ఆధారం లోపల పడినంతసేపూ మనిషి నిలబడతాడు. ఆ ఆధారం అన్ని వైపులా ఒకే వెడల్పు ఉండదు. రెండు పాదాలను కలుపుతూ ఒక గీత గీసుకోండి. ఆ గీత వెంబడి తోస్తే మనిషి గట్టిగా ఉంటాడు. దానికి అడ్డంగా, లంబంగా తోస్తే కొంచెం బలానికే తూలతాడు. పాదం మార్చిన ప్రతిసారీ ఈ బలహీనమైన దిక్కు కూడా మారుతుంది. అందుకే నిలబడ్డవాడి కంటే నడిచేవాణ్ణి పడెయ్యడం తేలిక. అడుగు వేసే ప్రతిసారీ మనిషి కొద్దిగా పడుతూనే ఉంటాడు, ముందు కాలు వచ్చి ఆదుకుంటుంది. ఆదుకోవాల్సిన ఆ కాలును ఆదుకోనివ్వకుండా చేస్తే త్రో పడుతుంది.

దే ఆషి బరాయ్‌లో (ముందుకొచ్చే కాలిని పాదంతో ఊడ్చే త్రో) ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కాలు గాల్లో ఉండగా ఊడిస్తే బరువు ఇంకా రెండో కాలి మీదే ఉంది, వాడు ఆ కాలు దాటించి వేసుకుంటాడు. పూర్తిగా నేల మీద పడ్డాక ఊడిస్తే ఘర్షణ ఎక్కువ, కాలు కదలదు, మీ కాలే నొస్తుంది. బరువు అప్పుడప్పుడే దాని మీదికి మారుతున్న ఆ కొద్ది వ్యవధిలోనే పని జరగాలి. కంటితో చూసి స్పందించడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది, స్పర్శకైతే ఇంకాస్త తక్కువ. చూసి కాలు వేద్దామనుకుంటే ఆ వ్యవధి దాటిపోతుంది.

ఇంకొకటి. ఇటలీకి చెందిన అత్తీలియో సాక్రిపాంతి జూడో త్రోలను యాంత్రిక శాస్త్రం ప్రకారం రెండు రకాలుగా విడదీశాడు. ఒసోటో గారి, ఉచి మాతా, దే ఆషి బరాయ్ లాంటివి బలయుగ్మం రకం: పైన ఒక వైపు, కింద దానికి వ్యతిరేకంగా బలం పెట్టి మనిషిని తిప్పడం. సెయోయ్ నాగే, తాయ్ ఒతోషి లాంటివి మీట రకం: ఒక ఆనుడు బిందువు మీదుగా దొర్లించడం. బలయుగ్మం రకానికి ముందుగా బ్యాలెన్స్ పూర్తిగా తప్పించాల్సిన పని తక్కువ. మీట రకానికి తప్పించి తీరాలి. బ్లూబెల్ట్ అసలు త్రో సెయోయ్ నాగే కాబట్టి, కలవడంలో చిన్న లోపం ఉన్నా అది పనిచెయ్యదు.

తిరుపతి_బ్లూబెల్ట్:
సార్, ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదు. కానీ ఒక చిక్కు. చూసి చెయ్యలేనప్పుడు ఆ అడుగు ఎప్పుడు పడుతుందో నాకెట్లా తెలుస్తుంది? వాడు ఎప్పుడు తోస్తాడా అని కాచుకోని ఉంటే నాకు షిడో (పోటీలో చిన్న తప్పుకు వేసే శిక్ష) వచ్చేస్తుంది గదా?

మెసానికల్_మాస్టర్, చిత్తూరు:
కాచుకోని ఉండొద్దు. అడుగు నువ్వే వేయించాల. నువ్వు వేయించిన అడుగు ఎప్పుడు పడుతుందో నీకు ముందే తెలుసు, చూడాల్సిన పనే లేదు.

రెండు విధాలుంటాయి. ఒకటి, నువ్వు చిన్నగా తోస్తే వాడు తిరిగి తోస్తాడు, మనిషి నైజమే అది. ఆ తిరిగొచ్చే తోపు కోసమే నువ్వు తోసింది. కాబట్టి నీ తోపు అబద్ధంగా ఉండకూడదు, నిజంగా కదిలించేంత ఉండాల. రెండోది, పట్టుకున్న చొక్కాయి చెయ్యి ద్వారా వాణ్ణి నడిపించడం. దీనికి ఒక సాధన చెప్తా, మీ హాల్లో చేసుకోండి.

ఇద్దరూ మామూలు కుడి పట్టు పట్టండి. నువ్వు ఎడమ, కుడి మార్చి మార్చి వెనక్కి నడువు, వాడు నీతోపాటు ముందుకు నడుస్తాడు. కొంచెం సేపు ఏ త్రో వద్దు. నీ ఎడమ చేతిలో ఉన్న వాడి కుడి చేతి బట్టను గమనిస్తా ఉండు. వాడి కుడి కాలు లేచినప్పుడు ఆ బట్ట తేలికగా అవుతుంది, కాలు దిగేటప్పుడు బరువెక్కుతుంది. ఇది చేతికి తెలిసేదాకా నడుస్తానే ఉండండి. కావాలంటే కళ్ళు మూసుకో, పక్కన ఇంకొకర్ని కాపలా పెట్టుకో. తెలిసినాక, కుడి కాలు దిగుతా ఉండగా నీ ఎడమ పాదం అడుగు భాగం వాడి చీలమండ ఎముకకు కొంచెం కింద వెలుపలి వైపు పెట్టి, ఆ కాలు పోతున్న దారిలోనే ఇంకాస్త పోనియ్యి. నీ చిటికెన వేలి అంచు మ్యాట్‌ను రాసుకుంటా పోవాల. తన్నొద్దు. తన్నితే శబ్దం వస్తుంది, వాడు నిలబడే ఉంటాడు. అదే క్షణంలో ఎడమ చెయ్యి కిందికి, నీ తొడ వైపుకు. ఇక్కడ కూడా అదే బెత్తెడు. కాలు యాడికి పోవాలనుకునిందో ఆ దారిలోనే, అది అనుకున్న దానికంటే దూరం.

ఇది వచ్చినాక సెయోయ్ నాగేకి రా. వాడు ముందుకు తోస్తా ఉంటే నువ్వు లోపలికి దూరాల్సిన పని లేదు, వాడే వస్తా ఉండాడు. నీ ఎడమ కాలు వెనక్కి తీసుకుంటా అక్కడే తిరుగు. నువ్వు వాడి దగ్గరికి దూకుతా ఉండావు, వాడు నీ మీదికి వస్తా ఉండాడు, మధ్యలో జాగా లేకుండా పోతా ఉంది. వాడు నీ వీపుకు అతుక్కోవడానికి కారణం అదే.

పద్మావతీపురం_అక్క:
చాలా మంచి చర్చ. ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను. నేను కాలేజీ అమ్మాయిలకు ఆత్మరక్షణ నేర్పిస్తాను. "ఎదుటివాడి బలమే నీ బలం, సైజుతో పని లేదు" అనే మాట పోస్టర్ల మీద చూసి వస్తారు వాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. అది నమ్మి 45 కిలోల పిల్ల 80 కిలోల మగవాడి ముందు నిలబడితే?

1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో మొదటిసారి పెట్టినప్పుడే బరువు విభాగాలు పెట్టారు. బరువు పరిమితి లేని ఓపెన్ విభాగంలో నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటన్ గీసింక్, జపాన్ వీరుడు అకియో కమినాగాను ఓడించాడు. గీసింక్‌కు ఒడ్డూ పొడవూ ఉన్నాయి, విద్య కూడా ఉంది. ఇద్దరికీ విద్య ఉంటే ఒళ్ళు లెక్కలోకి వస్తుంది. మన సుశీలా దేవి లిక్మాబామ్ 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచింది 48 కిలోల విభాగంలో. ఆ విభాగం ఉండబట్టే ఆ విద్యకు న్యాయం జరిగింది.

కానో గారు కూడా లొంగి గెలవడంతోనే అన్నీ తేలతాయని అనలేదు. వెనక నుంచి ఒడిసి పట్టుకున్నవాడి విషయంలో దేనికి లొంగుతావు? మణికట్టు పట్టుకుంటే, వాడి వేళ్ళ పట్టు మీదికి నీ ఒంటి బలమంతా తెచ్చి విడిపించుకోవాలి. అది కలవడం కాదు, ఎదిరించడమే. ఉన్న శక్తిని సరైన చోట సరిగా వాడడం అనే పెద్ద సూత్రంలో కలవడం ఒక భాగం. మా పిల్లలకు నేను చెప్పేది: బొటనవేలి వైపు విడిపించుకో, కేకలు పెట్టు, పరిగెత్తు. కలిసిపోయి త్రో వెయ్యడం చాలాకాలం సాధన చేశాక, మ్యాట్ మీద.

టెంకన్_తిరుచానూరు:
అక్కా, నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. టెంకన్ వేశాక త్రో వెయ్యాల్సిన పని లేదని మా వాళ్ళకూ చెబుతుంటాను. పక్కకు వచ్చేశావు, దారి కనబడుతోంది, వెళ్ళిపో.

చంద్రగిరి_కబడ్డీ:
ఇప్పుడు నాకు ఒకటి వెలిగింది. రైడర్ లాబీ పక్కగా పరుగెత్తుతా ఉంటే డాష్ కొడతాం గదా. ఎదురుగా నిలబడి కొడితే వాడు మమ్మల్నే ఈడ్చుకోని పోతాడు. వాడు పోతా ఉండే వైపుకే భుజం పెట్టి ఇంకొంచెం నెడితే గీత దాటిపోతాడు. మాస్టారు చెప్పిన బెత్తెడు ఇదే అనుకుంటా. మా కోచ్ దీన్ని "వాడితో పో, వాడికంటే ముందు పో" అని చెప్తాడు.

మెసానికల్_మాస్టర్, చిత్తూరు:
అదే.

పుత్తూరు_ఫిజియో:
అందరూ వేసేవాడి గురించే రాశారు, పడేవాడి గురించి కూడా నాలుగు మాటలు రాయనివ్వండి. ఎదుటివాడి ఊపుకు మన ఊపు కలిస్తే పడే వేగం పెరుగుతుంది. ఊహించని క్షణంలో పడతాడు కూడా. అందుకే ఈ సాధన మొదలుపెట్టే ముందు ఇద్దరికీ ఉకెమి (దెబ్బ తగలకుండా పడే పద్ధతి) బాగా వచ్చి ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనించి ఉండాలి, తల వెనక భాగం మ్యాట్‌కు తగలకూడదు. చెయ్యి ఒంటికి కొంచెం ఎడంగా, అరచేయి నుంచి మోచేతి దాకా ఒకేసారి మ్యాట్‌ను కొట్టాలి. పడేటప్పుడు చెయ్యి వెనక్కి చాపి నేలకు ఆనించుకున్నవాళ్ళే మణికట్టు, మోచెయ్యి, కాలర్ బోన్ విరగ్గొట్టుకుని మా ఊరికి కట్టు కోసం వస్తుంటారు. ఎముక కట్టుతో అతుక్కుంటుంది, తలకు తగిలిన దెబ్బ అట్లా కాదు. ఒసోటో గారి కొత్తవాళ్ళ మీద వేగంగా వెయ్యొద్దు. అది నేరుగా వెనక్కి పడేస్తుంది, తలకు దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. వేసినవాడు చొక్కాయి చెయ్యి వదలకుండా పైకి పట్టి ఉంచాలి, పడేవాడి తల కాపాడేది ఆ చెయ్యే. పడినవాడికి తల తిరిగినా, వాంతి వచ్చినా, జరిగింది గుర్తు లేకపోయినా ఆ రోజుకు మ్యాట్ ఎక్కనివ్వొద్దు, డాక్టరుకు చూపించండి.

తిరుపతి_బ్లూబెల్ట్:
కొన్నాళ్ళుగా మాస్టారు చెప్పిన నడక సాధనే చేస్తా ఉండాము. చొక్కాయి చెయ్యి తేలికగా అవడం మొదట్లో అస్సలు తెలియలేదు. నేను గట్టిగా పట్టుకోని ఉండడం వల్ల అని మా పార్ట్‌నరే కనిపెట్టినాడు. చిటికెన వేలు, ఉంగరం వేలితో మాత్రమే పట్టి మిగతా వేళ్ళు వదులుగా పెడితే బాగా తెలుస్తా ఉంది. రాండోరిలో 73 కిలోల అన్న మీద దే ఆషి బరాయ్ పడింది. వేసినట్టు నాకే తెలియలేదు, అంత తక్కువ బలం పట్టింది. సెయోయ్ నాగే మాత్రం ఇంకా సగంలో ఉంది. వెనక్కి తీసుకుంటా తిరగడం వస్తా ఉంది, వాడు ముందుకు తూలుతా ఉండాడు. కానీ నేను వంగే సమయానికి మళ్ళీ సర్దుకుంటా ఉండాడు. ఎందుకంటారు?

మెసానికల్_మాస్టర్, చిత్తూరు:
తిరిగేటప్పుడు నీ ఎడమ చెయ్యి కిందికి జారతా ఉంటుంది చూడు. నడక సాధనలో ఆ చెయ్యి కిందికి పోవాల, సెయోయ్ నాగేలో పైకి పోవాల. రెండూ ఒకేసారి చేస్తా ఉంటే ఒకదాని అలవాటు ఇంకోదాంట్లోకి వచ్చేస్తుంది. వాడి చెయ్యిని నీ కంటి ఎత్తుకు తీసుకురా, మోచెయ్యి నీ భుజం కంటే కిందికి దిగనీయొద్దు. చెయ్యి జారినాక వాడి మడమలు మళ్ళీ నేలకు ఆనతాయి, సర్దుకునేది అప్పుడే. నీ వీపు వాడి ఛాతీకి తగిలే దాకా వాడు మునివేళ్ళ మీదే ఉండాల. ముందు వంగకుండా, ఎత్తకుండా, ఇంతవరకే చేసి ఆపు. మీ పార్ట్‌నర్‌ను వాడి మడమ ఎప్పుడు దిగిందో చెప్పమను.

ఆదివారం పొద్దున 6 గంటలకు చిత్తూరు వస్తే మా హాల్లో చూస్తా. పార్ట్‌నర్‌ను కూడా పిలుచుకోని రా. టెంకన్ గారూ, మీకు వీలైతే మీరూ రండి, మీ వాళ్ళు ఇద్దరు ముగ్గురిని తీసుకోని. మా పిల్లలు గట్టిగా తోస్తారు, ఆ తోపు మీద టెంకన్ ఎట్లా వేస్తారో నాకు చూడాలని ఉంది.

టెంకన్_తిరుచానూరు:
తప్పకుండా వస్తాం మాస్టారూ. గట్టిగానే తొయ్యమనండి.